మన జట్టుకో తూకం, ఎదుటి జట్టుకో తూకమా?

ప్రపంచ కప్ ఫుట్‌బాల్ వస్తోంది. జూన్ 11న మెక్సికో నగరంలో మెక్సికో, దక్షిణాఫ్రికా జట్ల ఆటతో మొదలై, జూలై 19న న్యూజెర్సీలో ఫైనల్‌తో ముగుస్తుంది. 2022లో 32 జట్లు 64 మ్యాచ్‌లు ఆడితే, ఈసారి 48 జట్లు 104 మ్యాచ్‌లు ఆడతాయి. అమెరికా, కెనడా, మెక్సికోలలో జరిగే ఈ ఆటలు చాలావరకు మనకు అర్ధరాత్రి, తెల్లవారుజామున వస్తాయి. ఫైనల్ మన గడియారంలో సోమవారం రాత్రి పన్నెండున్నరకు, అంటే ఆదివారం ఆరాధన ముగించుకుని పడుకున్నాక మొదలవుతుంది.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ఫుట్‌బాల్ ఊళ్లు కావు. ఇక్కడ పిల్లలు పెరిగింది క్రికెట్టు, కబడ్డీ, వాలీబాల్ మధ్య. అయినా ఫోన్లు చేతికొచ్చాక మెస్సి, రొనాల్డో, ఎంబాపె మన వీధుల్లోకీ వచ్చారు. పైగా మన ఇళ్ల పిల్లలు ఎందరో డాలస్, హ్యూస్టన్, అట్లాంటా, న్యూజెర్సీలలో చదువుకుంటూనో, ఉద్యోగాలు చేసుకుంటూనో ఉన్నారు. ఈసారి మ్యాచ్‌లు జరిగేది ఆ ఊళ్లలోనే. అందుకే బంతిని ఏనాడూ కాలితో తన్నని పెద్దవాళ్లు కూడా ఇప్పుడు కప్పు ఎవరిదని అడుగుతున్నారు. ఇక హాస్టలు గదుల్లో, టీకొట్ల దగ్గర, మన సంఘాల యౌవనస్థుల వాట్సాప్ గ్రూపుల్లో రెండు ప్రశ్నల మీద వాదన నడుస్తోంది. ఎవరు గెలుస్తారు? ఎవరు మర్యాదగా ఆడతారు?

ఇదంతా లోకసంబంధమైన కాలక్షేపమని కొట్టిపారేసే పెద్దలు మన సంఘాల్లో ఉన్నారు. వారి ఆందోళనను మేము గౌరవిస్తాం, కానీ ఆ తీర్పుతో ఏకీభవించలేం. అపొస్తలుడైన పౌలు పందెపు రంగంలో పరుగెత్తేవారిని చూసి ఆత్మీయ పాఠం చెప్పాడు (1 కొరింథీ 9:24-27). నియమం ప్రకారం పోరాడనివాడికి కిరీటం దక్కదని తిమోతికి రాశాడు (2 తిమోతి 2:5). ఆటను చూసి నీతి గురించి మాట్లాడటం అపొస్తలుల కాలం నుంచీ ఉంది. కాబట్టి మనవాళ్లు వాదించుకోవడం మమ్మల్ని కలవరపెట్టడం లేదు. ఏ కాంటాతో తూచి వాదిస్తున్నారన్నదే మా ప్రశ్న.

కాంటా అన్న మాట మన ప్రాంతానికి ఎవరూ వివరించనక్కర్లేదు. మిర్యాలగూడ రైసు మిల్లుల దగ్గర, సూర్యాపేట మార్కెట్ యార్డులో, కొనుగోలు కేంద్రాల్లో ధాన్యం పోసుకుని కూర్చున్న రైతుకు అది జీవన్మరణ సమస్య. తేమ 17 శాతం దాటకూడదన్నది నిబంధన. ఆ నిబంధన మీద రైతుకు కోపం లేదు. ఒకరి కుప్పకు ఒక లెక్క, పలుకుబడి ఉన్నవాడి కుప్పకు ఇంకో లెక్క కట్టినప్పుడే గుండె మండుతుంది. తాలు పేరిట, తరుగు పేరిట బస్తాకు ఇంత అని కోసినప్పుడు మన రైతులు రోడ్డెక్కిన సందర్భాలు కొత్తవి కావు. సంచిలో రెండు రకాల తూనికరాళ్లు పెట్టుకోవడం దేవునికి అసహ్యమని ధర్మశాస్త్రం చెబుతుంది (ద్వితీయోపదేశకాండము 25:13-16), సామెతల గ్రంథం కూడా అదే చెబుతుంది (20:10). ఈ ఫుట్‌బాల్ వాదనల్లో మన పిల్లల సంచుల్లో ఎన్ని రాళ్లున్నాయో ఒకసారి చూద్దాం.

జోస్యం చెప్పేవారి సంగతి

మొదట, ఎవరు గెలుస్తారనే వాదన. కబడ్డీ తెలిసిన మనవాళ్లకు ఒక పోలిక చెబితే ఈ ఆట స్వభావం తేలిగ్గా అర్థమవుతుంది. కబడ్డీ మ్యాచ్‌లో పదుల కొద్దీ పాయింట్లు వస్తాయి. ఒక రైడ్ పోయినా ఇంకో రైడ్‌లో తేరుకోవచ్చు కనుక బలమైన జట్టు చివరికి పైచేయి సాధించే అవకాశం ఎక్కువ. ఫుట్‌బాల్లో తొంభై నిమిషాలాడి ఒక్క గోలుతో తేలిపోయే మ్యాచ్‌లే చాలా. అంటే ఒక్క పొరపాటు, గోలుపోస్టుకు తగిలి వెనక్కొచ్చిన ఒక్క బంతి మొత్తం లెక్క తారుమారు చేయగలవు.

2022 నవంబర్ 22న అదే జరిగింది. 36 మ్యాచ్‌లుగా ఓటమి ఎరుగని అర్జెంటీనా సౌదీ అరేబియా చేతిలో 2-1తో ఓడింది. ఆ సాయంత్రం అర్జెంటీనా పని అయిపోయిందని తేల్చినవారు కోకొల్లలు. డిసెంబర్ 18న కప్పు ఎత్తింది ఆ జట్టే. అదే టోర్నీలో సెమీఫైనల్ చేరిన మొదటి ఆఫ్రికా జట్టుగా మొరాకో నిలుస్తుందని ముందుగా చెప్పినవారు బహు కొద్దిమంది. 2010లో జర్మనీలోని ఒక అక్వేరియంలో పాల్ అనే ఆక్టోపస్ ఎనిమిది మ్యాచ్‌ల ఫలితాలు వరుసగా సరిగ్గా చెప్పిందని లోకమంతా ముక్కున వేలేసుకుంది. ఎన్నో జీవుల చేత, ఎందరో మనుషుల చేత జోస్యం చెప్పిస్తే ఎవరో ఒకరిది నిజమవుతుంది. తప్పినవాటిని ఎవరూ గుర్తుపెట్టుకోరు.

అంచనా వేయడం తప్పు కాదు. జట్టు బలం, గాయాలు, వాతావరణం, ప్రయాణాల దూరం చూసి ఫలానా జట్టుకు అవకాశం ఎక్కువ అనడం బుద్ధిని వాడటమే. రైతు మబ్బు చూసి వాన సంగతి చెప్పినట్టే అది. కానీ రేపు ఏమవుతుందో తెలియనివారమన్న యాకోబు మాటను (4:13-15) ఆటకు కూడా వర్తింపజేసుకోవాలి. ‘నాకనిపిస్తోంది’ అనే మాటకూ, ‘రాసిపెట్టుకో’ అనే మాటకూ మధ్య ఉన్న దూరమే వినయం.

ఇక్కడ వేదికల మీద నిలబడే మనవాళ్లకు కూడా ఒక మాట చెప్పక తప్పదు. ఎన్నికల్లో ఎవరు గెలుస్తారో, ఆటలో ఎవరు గెలుస్తారో దేవుడు తనకు చూపించాడని చెప్పే అలవాటు అక్కడక్కడా మొదలైంది. నిజమైతే వీడియో మళ్లీ మళ్లీ తిరుగుతుంది. తప్పితే వీడియో మాయమవుతుంది. దేవుని పేరట పలికిన మాట నెరవేరకపోతే అది ఆయన మాట కాదని ధర్మశాస్త్రం సూటిగా చెప్పింది (ద్వితీయోపదేశకాండము 18:22). ఆటగాడి జోస్యం తప్పితే నవ్వుకుంటాం. దేవుని నామాన్ని అడ్డుపెట్టుకున్న జోస్యం తప్పితే సంఘం సాక్ష్యమే దెబ్బతింటుంది.

ఎర్రకార్డు ఎవరికి చూపిస్తున్నాం?

రెండో వాదన ఆటగాళ్ల నడవడి గురించి. రెండు తూనికరాళ్లు ఎక్కువగా బయటపడేది ఇక్కడే.

2025 నవంబర్ 13న డబ్లిన్‌లో ఐర్లాండ్ చేతిలో పోర్చుగల్ 2-0తో ఓడిన మ్యాచ్‌లో, రొనాల్డో ఎదుటి ఆటగాణ్ణి మోచేత్తో కొట్టి ఎర్రకార్డు తిన్నాడు. దేశం తరఫున 226 మ్యాచ్‌లాడిన ఆయనకు అది మొదటి ఎర్రకార్డు. ఫిఫా మూడు మ్యాచ్‌ల నిషేధం విధించి, అందులో రెండింటిని ఏడాది పరిశీలన కింద పక్కన పెట్టింది. ఫలితంగా ప్రపంచ కప్ తొలి మ్యాచ్ ఆడేందుకు ఆయనకు అడ్డు తొలగింది. పేరులేని ఆటగాడైతే ఇంత దయ చూపేవారా అన్న ప్రశ్న న్యాయమైనదే. ఇరవై ఏళ్లకు పైగా దేశానికి ఆడి ఒక్కసారి తప్పినవాడికి కొంత దయ చూపకూడదా అన్నదీ ఆలోచించదగ్గ మాటే. కానీ మన కుర్రవాళ్లలో చాలామంది ఈ రెండింటిలో దేన్ని ఎంచుకుంటున్నారో చూడండి. రొనాల్డో అభిమాని దయ అంటాడు, మెస్సి అభిమాని న్యాయం అంటాడు. జట్టు చొక్కా మార్చగానే వేదాంతమూ మారిపోతోంది.

మెస్సి అభిమానుల లెక్క కూడా చూద్దాం. 2022 క్వార్టర్ ఫైనల్లో నెదర్లాండ్స్‌తో ఆడినప్పుడు రిఫరీ పదిహేనుకు పైగా పసుపు కార్డులు చూపాడు. ఆనాడు మెస్సి ప్రత్యర్థి కోచ్ ముందుకు వెళ్లి చెవుల దగ్గర చేతులు పెట్టి ఎగతాళి చేశాడు. ఫైనల్ తర్వాత అర్జెంటీనా గోల్‌కీపర్ మార్టినెజ్ తనకిచ్చిన బహుమతితో చేసిన అసభ్య సైగను లోకమంతా చూసింది. పెనాల్టీ కొట్టేవాణ్ణి గోల్‌కీపర్ అన్యాయంగా ఏకాగ్రత చెడగొట్టకూడదని 2023లో ఆట నియమాల్లోనే స్పష్టంగా చేర్చారు. ఇక 2018లో నెయ్‌మార్ నేల మీద దొర్లిన దొర్లుడు బ్రెజిల్ అభిమానులు మర్చిపోవాలనుకున్నా లోకం మర్చిపోలేదు. మచ్చలేని జట్టు లేదు. మన జట్టు మచ్చను ‘తెలివి’ అని, ఎదుటి జట్టు మచ్చను ‘మోసం’ అని పిలవడమే దొంగ కాంటా.

దీనికి గొప్ప ఉదాహరణ 1986 జూన్ 22 నాటి మ్యాచ్. ఈసారి టోర్నీ మొదలయ్యే మెక్సికో నగరంలోని ఆజ్టెకా స్టేడియంలోనే అది జరిగింది. ఇంగ్లండ్ మీద మరడోనా చేత్తో బంతిని గోల్లోకి నెట్టాడు. రిఫరీ చూడలేదు. ఆ తర్వాత మరడోనా దానికి దేవుని చెయ్యి అని పేరు పెట్టాడు. తప్పును దాచడానికి దేవుని పేరు వాడుకోవడం విశ్వాసులమైన మనకు నవ్వులాట విషయం కాకూడదు. అయితే నాలుగు నిమిషాలకే అదే మనిషి మైదానం సగం దాటి, ఎదురొచ్చినవారినందరినీ తప్పించుకుని కొట్టిన గోలును ఇరవయ్యో శతాబ్దపు మేటి గోలుగా లోకం ఎంచుకుంది. మొదటిది మోసం, రెండోది అద్భుతం. ఈ రెండు వాక్యాలనూ ఒకే నోటితో చెప్పగలిగినవాడి దగ్గర సరైన కాంటా ఉంది. అర్జెంటీనా అభిమాని మొదటిది ఒప్పుకోవాలి, ఇంగ్లండ్ అభిమాని రెండోది ఒప్పుకోవాలి.

ఇంకో మనిషిని కూడా మన యౌవనస్థులు తెలుసుకోవాలి. జర్మనీ ఆటగాడు మిరోస్లావ్ క్లోజె 2012 సెప్టెంబర్ 26న ఇటలీలో లాజియో క్లబ్బు తరఫున నాపోలితో ఆడుతుండగా, బంతి అతని చేతికి తగిలి గోల్లోకి వెళ్లింది. రిఫరీ గోలు ఇచ్చేశాడు. క్లోజె తానే వెళ్లి చేతికి తగిలిందని చెప్పాడు. గోలు రద్దయింది. ఆ మ్యాచ్‌లో అతని జట్టు 3-0తో ఓడింది. నాపోలి ఆటగాళ్లు వచ్చి అతని చెయ్యి కలిపారు. నిజం చెప్పేవాడు పైకి రాడనే మాట మనకు అలవాటైపోయింది. రెండేళ్ల తర్వాత అదే క్లోజె జర్మనీతో పాటు ప్రపంచ కప్ గెలిచాడు. ప్రపంచ కప్‌లలో 16 గోల్స్‌తో 2022 నాటికి కూడా అందరికన్నా ముందున్నది అతనే.

గోలు కొట్టాక సిలువ గుర్తు వేసుకునే ఆటగాళ్లను, ఆకాశం వైపు చేతులెత్తే ఆటగాళ్లను చూసి ‘మనవాడు’ అని మురిసిపోవడం మనకు సహజం. సంతోషమే. కానీ అందరూ చూస్తున్నప్పుడు చేసే సైగ కన్నా, రిఫరీ చూడనప్పుడు నోట వచ్చే నిజం పెద్ద సాక్ష్యం.

మన నేల చెప్పే పాఠం

మంచి నడవడిని నేర్చుకోవడానికి మనం అంత దూరం వెళ్లనక్కర్లేదు. ఈ ప్రపంచ కప్ మొదలయ్యే జూన్ 11నే, 1963లో, హైదరాబాదువాడైన సయ్యద్ అబ్దుల్ రహీం క్యాన్సర్‌తో కన్నుమూశాడు. బడిపంతులుగా పనిచేసిన ఆయన భారత ఫుట్‌బాల్ జట్టుకు శిక్షకుడై, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానానికి, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకానికి నడిపించాడు. సికింద్రాబాద్ బిడ్డ తులసీదాస్ బలరాం ఆ జట్టులో ఉన్నాడు.

జకార్తాలో ఏం జరిగిందో గుర్తుచేసుకోవాలి. ఇజ్రాయెల్, తైవాన్ క్రీడాకారులకు ఇండోనేషియా ప్రవేశం నిరాకరించడాన్ని ఒక భారతీయ క్రీడాధికారి తప్పుపట్టాడు. ఆ కోపమంతా మన ఆటగాళ్ల మీద పడింది. కొరియాతో ఫైనల్లో మనవాళ్లు బంతి తాకినప్పుడల్లా స్టేడియం గేలి చేసింది. తలకు కుట్లు పడిన జర్నైల్ సింగ్‌ను రహీం ముందు వరుసలో ఆడించాడు. అతనూ పి.కె. బెనర్జీ చెరో గోలు కొట్టగా మనం 2-1తో గెలిచాం. గేలికి జవాబు ఆటతోనే చెప్పారు. సంబంధం లేని ఆటగాళ్ల మీద అరిచిన ఆ జనం తప్పు మనకు స్పష్టంగా కనిపిస్తుంది, ఎందుకంటే అక్కడ దెబ్బతిన్నది మనవాళ్లు. 2022 ఫైనల్లో పెనాల్టీలు పోగొట్టుకున్న ఇద్దరు నల్లజాతి ఫ్రెంచి ఆటగాళ్లను రంగు పేరుతో తిట్టినప్పుడు అంతే స్పష్టంగా కనిపించిందా?

మన గ్రూపుల్లో రాత్రి రెండింటికి పడే మాటలు అంతకన్నా మెరుగ్గా ఉన్నాయని చెప్పలేం. ఆటతో మొదలైన తిట్టు ఇంటిపేరు దాకా, కులం దాకా, తల్లి దాకా పోతోంది. సహోదరుణ్ణి పనికిమాలినవాడా అనడాన్ని కూడా ప్రభువు తేలిగ్గా తీసుకోలేదు (మత్తయి 5:22). ఆదివారం పక్కపక్కన కూర్చుని ప్రభువు బల్లలో పాలుపొందేవారు శనివారం రాత్రి ఇలా మాట్లాడుకుంటే, ఆ బల్లకు అర్థమేమిటి?

సూర్యాపేట ఒక విషయం మర్చిపోలేదు. 2021 మార్చి 22న జాతీయ జూనియర్ కబడ్డీ పోటీల వేళ ప్రేక్షకుల గ్యాలరీ కూలి వందమందికి పైగా గాయపడ్డారు. ఆ క్షణాన కింద పడ్డవాణ్ణి పైకి లేపేటప్పుడు నీది ఏ జట్టు అని అడిగే సమయమా అది? జట్టు కన్నా మనిషి ముందు. ఆపద వచ్చినప్పుడు అందరికీ తెలిసే ఈ సంగతి మామూలు రోజుల్లో కూడా తెలిసి ఉండాలన్నదే మా మనవి.

ఇది ఫుట్‌బాల్‌తో ఆగే జబ్బు కాదు. మన జట్టు తప్పును కప్పిపుచ్చడం అలవాటైనవాడు రేపు తన పార్టీ తప్పును, తన కులం తప్పును, తన సంఘ పెద్ద తప్పును కూడా అలాగే కప్పిపుచ్చుతాడు. నేను పౌలువాణ్ణి, నేను అపొల్లోవాణ్ణి అంటూ కొరింథు సంఘం చీలింది (1 కొరింథీ 1:12) కూడా ఇదే అభిమాన రోగంతోనే. బాప్తిస్టు, కథోలిక, సి.ఎస్.ఐ., పెంతెకోస్తు, హెబ్రోను అంటూ మన ఊళ్లలో నడిచే వాదనలు ఏ కాంటాతో నడుస్తున్నాయో పెద్దలమైన మనం కూడా చూసుకోవాలి.

అంచనా పందెంగా మారితే

ఒక గట్టి హెచ్చరిక చేయకుండా ఈ మాట ముగించలేం. అభిప్రాయం చెప్పడానికి డబ్బు ఖర్చు కాదు. దాని మీద వెయ్యి పెట్టిన మరుక్షణం అది అభిప్రాయం కాదు, జూదం. క్రికెట్ బెట్టింగుతో అప్పులపాలై, లోన్ యాప్‌ల వేధింపులు తట్టుకోలేక కుమిలిపోయిన కుటుంబాలు మన సంఘాల్లోనే ఉన్నాయి. 104 మ్యాచ్‌ల టోర్నీ అంటే 39 రోజుల పాటు రోజూ తలుపు తట్టే శోధన.

తెలంగాణ ప్రభుత్వం 1974 నాటి గేమింగ్ చట్టాన్ని 2017లో సవరించి ఆన్‌లైన్ జూదాన్ని కూడా నిషేధించింది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా నిషేధిస్తూ పార్లమెంటు చేసిన చట్టానికి 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం లభించింది. వాటిని నడిపేవారికి మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా ఉంటాయి. ప్రకటనలు చేసేవారికి రెండేళ్ల వరకు జైలు, 50 లక్షల వరకు జరిమానా ఉంటాయి. దేశంలో 45 కోట్ల మంది ఏటా దాదాపు 20,000 కోట్ల రూపాయలు ఇలా పోగొట్టుకుంటున్నారని ప్రభుత్వమే అంచనా వేసింది. ఆడి మోసపోయినవారిని ఆ చట్టం నేరస్థులుగా చూడలేదు, బాధితులుగానే చూసింది. ఈ విషయంలో ప్రభుత్వ చట్టం చూపిన పాటి కనికరమైనా మన సంఘాలు చూపాలి. పందెంలో ఓడిన కుర్రవాడు ముందుగా భయపడేది కాపరికి, తండ్రికి. ఆ భయం వల్లే చెప్పుకోలేక, చేయరానిది చేసుకుంటున్నారు.

తల్లిదండ్రులారా, పిల్లవాడు ఉన్నట్టుండి నిద్ర మానితే, ఫోను దాస్తే, చిన్నచిన్న అప్పులు చేస్తుంటే కేకలు వేయకండి. పక్కన కూర్చోబెట్టుకుని అడగండి. ఆన్‌లైన్లో డబ్బు మోసం జరిగితే వెంటనే 1930 నంబరుకు ఫిర్యాదు చేయవచ్చు. మనసు కుంగినవారికి 14416 నంబరులో ప్రభుత్వ ‘టెలి మానస్’ సేవ ఉచితంగా దొరుకుతుంది. ఈ రెండు నంబర్లూ మందిరం నోటీసు బోర్డు మీద రాసి పెట్టమని కాపరులను కోరుతున్నాం.

సంఘాలకు మా సూచన

కూడదు, చూడొద్దు అనే ఆజ్ఞ ఒక్కటే సరిపోదు. వీలున్న సంఘాలు ఫైనల్ రాత్రి యౌవనస్థులను ఒకచోట చేర్చి, పెద్దలు కూడా కూర్చుని ఆట చూడవచ్చు. చూసేవారికి ఒకే షరతు పెట్టండి. ఎదుటి జట్టులో మెచ్చుకోదగ్గది ఒకటి, తన జట్టులో తప్పుపట్టదగ్గది ఒకటి చెప్పాకే ఎవరైనా వాదన మొదలుపెట్టాలి. మొదట మాట్లాడినవాడి వాదనే సరైనదిగా కనిపిస్తుంది, పక్కవాడు వచ్చి ప్రశ్నించేదాకా, అన్న సొలొమోను జ్ఞానం (సామెతలు 18:17) యౌవనస్థుల కూడికలో ఇంతకన్నా బాగా నేర్పే అవకాశం మళ్లీ నాలుగేళ్లకు గాని రాదు.

జూలై 20 తెల్లవారేసరికి ఒక జట్టు కప్పు ఎత్తుతుంది, మిగతా 47 జట్లు ఇళ్లకు పోతాయి. మన జోస్యాల్లో చాలావరకు తప్పుతాయి. ఆ ఉదయం స్నేహితుడి ముఖం చూడగలిగేలా వాదించామా, మన జట్టును కూడా అదే కాంటా మీద పెట్టామా అన్నది మాత్రం మన చేతిలో ఉంది. కొద్దిదానిలో నమ్మకంగా ఉన్నవాడే ఎక్కువలోనూ నమ్మకంగా ఉంటాడని ప్రభువు నేర్పాడు (లూకా 16:10). ఆట కొద్దిదే. అక్కడైనా ఒకే తూనికరాయి వాడటం మన పిల్లలకు నేర్పుదాం.